లైట్ ప్రోగ్రామ్‌తో ఒక రోజు: 1951 నాటి రేడియోను మళ్ళీ వినిపించే ప్రాజెక్టు డైరీ

సెప్టెంబర్, మొదటి ఆదివారం

చేయదలచిన పని ఇదీ. 1951 తొలి మూడు నెలల్లో, బ్రిటన్‌లో ఒక మామూలు వారపు రోజున, పాటలూ హాస్యమూ సీరియళ్ళూ వచ్చే బీబీసీ రేడియో స్టేషన్ లైట్ ప్రోగ్రామ్ ఎలా సాగేదో అలా వినిపించాలి. పొద్దున 9 నుంచి రాత్రి పదకొండు దాటేదాకా, అదే వరుసలో, అదే గడియారం ప్రకారం, గాజు గొట్టాల్లాంటి వాల్వులతో నడిచే ఆ కాలపు రేడియోలోంచి. మధ్యలో ఆపడం, వెనక్కి తిప్పడం ఉండదు. వినేవాళ్ళు కూడా ఉన్నారు. ఇక్కడ ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మా వీధి చివర, వయసు పైబడినవాళ్ళ కోసం కట్టిన ఫ్లాట్లు ఉన్నాయి. అక్కడ ఎనభై దాటినవాళ్ళే ఎక్కువ. వాళ్ళ కామన్ రూమ్‌లో కిటికీ పక్కన ఒక బల్ల ఇస్తామన్నారు.

ఆనాటి కార్యక్రమాలు కొన్ని విడివిడిగా సీడీల్లో, ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. అభిమానులు ఒక్కో ఎపిసోడ్ వింటూనే ఉన్నారు. కానీ విడిగా వింటే తెలియని సంగతి ఒకటుందని నా గట్టి నమ్మకం. అప్పటి రేడియో వినోదాన్ని జనం పనుల చుట్టూ అల్లారు. ఏ గంటకు ఎవరి చేతులు ఏ పనిలో ఉంటాయో చూసుకుని, దానికి సరిపోయేది పెట్టారు. రోజు మొత్తం వరసగా వింటేనే ఆ అల్లిక పట్టుబడుతుంది. అందుకే ఇంత శ్రమ.

సంవత్సరం గురించి చాలా ఆలోచించాను. లైట్ ప్రోగ్రామ్ 1945 జూలై 29న మొదలైంది, ఐరోపాలో యుద్ధం ముగిసిన మూడు నెలల్లోపే. అక్కడి నుంచి పదేళ్ళలో ఏ రోజు తీసుకున్నా బాగానే ఉంటుంది. కానీ 1951 జనవరి 1 నుంచి మార్చి 30 దాకా ఒక విశేషం ఉంది. గూఢచారి సాహసాల డిక్ బార్టన్, పల్లెటూరి రైతు కుటుంబం కథ ది ఆర్చర్స్, రెండూ ఒకే రోజులో వచ్చినది ఆ మూడు నెలలే. ఆర్చర్స్ దేశమంతటికీ రావడం మొదలైంది జనవరి 1న. డిక్ బార్టన్ ముగిసింది మార్చి 30న. ఒక యుగం పోతూ ఇంకోటి వస్తున్న సంధి అది.

దీనికి మూల్యం కూడా ఉంది. అందరూ అడిగే హాస్య కార్యక్రమం ఇట్మా ఇందులో ఉండదు. ఆ కార్యక్రమానికి ప్రాణమైన టామీ హ్యాండ్లీ 1949 జనవరి 9న చనిపోయాడు, ఆయనతోపాటే ఇట్మా ఆగిపోయింది. ఇంకో పేరున్న హాస్య కార్యక్రమం గూన్ షో మొదలైంది 1951 మే 28న, కాబట్టి అదీ లేదు. ఇది వదులుకోవడం నాకు కష్టంగానే ఉంది. ఆ షో మెదడు స్పైక్ మిల్లిగన్ పుట్టింది మన అహ్మద్‌నగర్‌లో, చిన్నతనం గడిచింది పుణెలో, రంగూన్‌లో. అయినా తేదీ అంటే తేదీయే.

సెప్టెంబర్, రెండో వారం

సెట్ దొరికింది. ఊరి బయట మైదానంలో ఆదివారాలు జనం కార్ల డిక్కీల్లో పాత సామాన్లు పెట్టి అమ్ముతారు, అక్కడ కొన్నాను. 1940ల చివరి నాటి టేబుల్ రేడియో, చెక్క పెట్టె, లాంగ్‌వేవ్, మీడియంవేవ్. డయల్ అద్దం మీద హిల్వర్సమ్, లక్సెంబర్గ్ లాంటి ఊళ్ళ పేర్ల మధ్య ‘లైట్’ అని 1500 మీటర్ల దగ్గర రాసి ఉంది. డ్రాయిట్‌విచ్ ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చిన లాంగ్‌వేవ్ అది. నడి సముద్రంలో చేపల పడవలకు కూడా అందేది. అందుకే నౌకలకు వాతావరణ సూచనలు కూడా, పాటలూ హాస్యమూ వచ్చే ఈ లైట్ ప్రోగ్రామ్ మీదే చదివేవాళ్ళు.

ముందు బుష్ డీఏసీ90ఏ మీద మనసు పోయింది. నల్లటి బాకెలైట్ పెట్టెతో చాలా అందంగా ఉంటుంది, 1950లో వచ్చిన మోడల్. కానీ అది ఏసీ, డీసీ రెంటి మీదా నడిచే సెట్. అప్పట్లో బ్రిటన్‌లో కొన్ని పేటలకు ఇంకా డీసీ కరెంటే వచ్చేది, వోల్టేజీ కూడా ఊరూరికీ మారేది. ఇల్లు మారినా పనికొచ్చేలా అలాంటి సెట్లు చేశారు. వాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, లోపలి లోహపు చట్రం (ఛాసిస్) నేరుగా ఇంటి కరెంటుకు (మెయిన్స్) కలిసి ఉంటుంది, షాక్ కొట్టే ప్రమాదం ఉంది. పెద్దవాళ్ళు తిరిగే గదిలో దానికి బయటి వైర్లు తగిలించే ప్రసక్తే లేదు. నేను కొన్నదాంట్లో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. వెనక వోల్టేజీ మార్చుకునే ప్లగ్గూ, గ్రామఫోన్ తగిలించుకునే పికప్ రంధ్రాలూ ఉన్నాయి. బయటి నుంచి శబ్దాన్ని సెట్టులోకి పంపాల్సింది వాటి ద్వారానే కాబట్టి, ఈ ప్రాజెక్టు మొత్తం ఆ రెండు రంధ్రాల మీదే ఆధారపడుతుంది.

డెబ్బై ఏళ్ళు దాటిన సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. ముందు పవర్ లేకుండానే మైనం పూసిన పాత పేపర్ కెపాసిటర్లన్నీ మార్చేశాను. అన్నిటికంటే ముఖ్యం, స్పీకర్‌ను నడిపే అవుట్‌పుట్ వాల్వులో కరెంటును అదుపు చేసే గ్రిడ్‌కి వెళ్ళే కప్లింగ్ కెపాసిటర్. అది కొంచెం లీకైనా గ్రిడ్ మీదికి పాజిటివ్ వోల్టేజీ వస్తుంది, వాల్వు అతిగా కరెంటు లాగుతుంది, చివరికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. కరెంటును నిలకడగా ఉంచే స్మూతింగ్ కెపాసిటర్లు కూడా కొత్తవి వేశాను. పాత డబ్బాల్ని పైన అలాగే ఉంచి, కొత్తవాటిని కింద పెట్టాను. తర్వాత ఎక్కువ కరెంటు పోకుండా దారిలో ఒక బల్బు (సిరీస్ బల్బు) పెట్టి ఆన్ చేశాను. బల్బు ఒక్కసారి వెలిగి, మసకబారి, అలాగే నిలబడింది. అర నిమిషంలో వాల్వులు ఎర్రబడ్డాయి. మీడియంవేవ్‌లో ఏదో విదేశీ స్టేషన్ గుసగుసలాడింది. స్పీకర్ కాగితం ఎక్కడా చిరగలేదు. డయల్ దారం మాత్రం కొత్తది చుట్టాల్సి వచ్చింది.

సెప్టెంబర్ చివర

ఇక అసలు సరుకు. ఏ రోజున ఏమొచ్చిందో తెలుసుకోవడం తేలిక. రేడియో టైమ్స్ పత్రికలోని కార్యక్రమాల జాబితాలను బీబీసీ జీనోమ్ అనే పేరుతో 1923 నుంచీ ఇంటర్నెట్‌లో పెట్టారు. పేర్లు, వేళలు, నటులు అన్నీ దొరుకుతాయి. ఆ శబ్దం దొరకడమే కష్టం.

ఎందుకంటే ఎక్కువ భాగం లైవ్‌గా వెళ్ళిపోయింది. రికార్డు చేయాలంటే డిస్కుల మీద గాడులు కోయాలి. అది ఖర్చు, దాచడానికి చోటు కావాలి, ఒకసారి వినిపించిన దాన్ని మళ్ళీ ఎవరడుగుతారన్న ఆలోచన వేరే. మిసెస్ డేల్స్ డైరీ అనే సీరియల్ 1948 జనవరి నుంచి 1969 దాకా 5,400కు పైగా ఎపిసోడ్లు నడిచింది. వాటిలో మిగిలింది అతి కొద్ది. డిక్ బార్టన్‌ను కోటిన్నర మంది విన్న రోజులున్నాయి, అయినా బీబీసీ ఒరిజినల్ రికార్డింగులు దాదాపు లేవు. ఆ స్క్రిప్టులతోనే ఆస్ట్రేలియాలో వేరే నటులతో మళ్ళీ చేసిన రికార్డింగులు బతికాయి, నేనూ వాటినే వాడుతున్నాను. విదేశీ రేడియోలకు పంపడానికి బీబీసీ కోయించిన ట్రాన్స్‌క్రిప్షన్ డిస్కుల వల్ల కూడా కొన్ని హాస్య కార్యక్రమాలు దక్కాయి. తన ఇంట్లో పోయినవి పరాయి దేశాల బీరువాల్లో దొరికాయి.

లేనివాటి విషయంలో ఒక నియమం పెట్టుకున్నాను. దొరకని ఎపిసోడ్‌ను సొంతంగా కల్పించి రాయను. మిసెస్ డేల్ వేళకు హార్ప్ మీద ఆమె సిగ్నేచర్ ట్యూన్ వినిపించి, ఆ పావుగంటా అప్పట్లో విన్నవాళ్ళనే మాట్లాడమంటాను. అడిగిన పాటలు వేసే హౌస్‌వైవ్స్ చాయిస్ మాత్రం మళ్ళీ కట్టవచ్చు, దానికి పోస్టుకార్డులు, రికార్డులు చాలు. 1951కి ముందు వచ్చిన పాటలు మాత్రమే కోరమని ఫ్లాట్లలో అందరికీ కార్డులు పంచాను. అక్కడే ఉండే ఒక రిటైర్డ్ టీచరమ్మ అనౌన్సర్‌గా చదువుతానన్నారు. ఆవిడ గొంతులో మంచి స్పష్టత ఉంది.

రికార్డుల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. గ్రామఫోన్ కంపెనీలు, సంగీతకారుల సంఘం కలిసి బీబీసీ ఎన్ని గంటలు రికార్డులు వేయవచ్చో హద్దు పెట్టాయి. దాన్ని నీడిల్ టైమ్ అనేవాళ్ళు. ఆ హద్దు వల్లే రోజంతా బ్యాండ్లు, ఆర్గన్లు, చిన్న ఆర్కెస్ట్రాలు స్టూడియోల్లో లైవ్‌గా వాయించేవి. ఎన్నో కుటుంబాలు దానిమీద బతికాయి. పాటల కోసం రోజులో కొంచెమే సమయం ఉన్నప్పుడు, కోరిన పాట వేస్తామని కార్డు చదివితే దాని విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

అక్టోబర్, మొదటి వారం

కార్యక్రమాలను నడిపేది రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్. గడియారం ప్రకారం ఒక్కో ఫైలూ అదే మొదలుపెడుతుంది. స్టీరియో అవుట్‌పుట్‌లో రెండు చానెళ్ళనూ చెరో రెసిస్టర్ ద్వారా కలిపి మోనో చేసి, ఒక ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ దాటించి, పికప్ రంధ్రాల్లోకి ఇచ్చాను. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టగానే గుయ్యిమనే హమ్ చాలావరకు తగ్గింది.

శబ్దం గురించి కొంత పని ఉంది. కొత్తగా శుభ్రం చేసిన రికార్డింగులు మరీ పదునుగా ఉన్నాయి. లాంగ్‌వేవ్, మీడియంవేవ్ లాంటి ఏఎం రేడియోలో స్టేషన్ల ఫ్రీక్వెన్సీల మధ్య దూరం తక్కువ, సెట్టు దాటి వినపడేది సుమారు 4.5 కిలోహెర్ట్జ్ వరకే. అక్కడ ఫిల్టర్ పెట్టాను. పియానో కొంచెం మెత్తబడింది, మనుషుల గొంతులు మాత్రం చెక్క పెట్టెలోంచి ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు వచ్చాయి. రేడియో హాస్యం అంతా గొంతు మీదే నిలబడింది కదా, ఈ సెట్లు దానికోసమే పుట్టాయేమో అనిపించింది.

రేడియోలో సరైన వేళను తెలిపే ‘పిప్’ శబ్దాలు, గ్రీనిచ్ పిప్స్, నేనే తయారు చేశాను. 1 కిలోహెర్ట్జ్ స్వరం, పదోవంతు సెకను, ఆరుసార్లు. ఈ రోజుల్లో చివరి పిప్ పొడుగ్గా వస్తుంది. అలా పొడిగించింది 1971 డిసెంబర్ 31 నుంచి. 1951లో ఆరూ ఒకే పొడవు. ఇంత చిన్న విషయం ఎవరు గమనిస్తారని మా ఆవిడ అడిగింది. ఆ గదిలో కూర్చునేవాళ్ళు చిన్నప్పటి నుంచీ విన్న శబ్దం అది, సరిగ్గానే ఉండాలి.

అక్టోబర్, ఆ రోజు

9 గంటలు. వాల్వులు వేడెక్కడానికి ముందే ఆన్ చేసి పెట్టాను. అప్పట్లో లైట్ ప్రోగ్రామ్ తలుపు తెరిచేదే తొమ్మిదికి. మగవాళ్ళు పనికి, పిల్లలు బడికి వెళ్ళిపోయి ఉంటారు. 9:10కి హౌస్‌వైవ్స్ చాయిస్, 1946 మార్చిలో మొదలైన కార్యక్రమం. జాక్ స్ట్రాచీ కట్టిన ‘ఇన్ పార్టీ మూడ్’ ట్యూన్ మొదలవగానే ఇద్దరు ముగ్గురు దానితో కలిసి హమ్ చేశారు. కార్డులు చదవడం బాగా కుదిరింది. ఒకావిడ వాళ్ళమ్మ పేరు మీద పాట కోరారు. అమ్మ ఎన్ని కార్డులు రాసినా రేడియోలో ఒక్కసారీ రాలేదట.

10:30, మ్యూజిక్ వైల్ యు వర్క్. ఈ రోజంతటిలో నేను ఎక్కువగా ఎదురుచూసింది దీనికోసమే. 1940 జూన్‌లో యుద్ధ సామగ్రి ఫ్యాక్టరీల కోసం మొదలుపెట్టారు, 1967 దాకా సాగింది. దీనికి కఠినమైన నియమాలున్నాయి. ఆగకుండా ఒక పాటలోంచి ఇంకో పాటలోకి వెళ్ళాలి. మరీ నెమ్మదివి, తాళం సాగదీసేవి వద్దు. శబ్దం ఒకే మోతాదులో ఉండాలి, లేకపోతే మెల్లగా వచ్చే చోట యంత్రాల హోరులో కలిసిపోతుంది. అందరికీ తెలిసిన బాణీలు కావాలి. చేతులతో దరువు వేయించే ‘డీప్ ఇన్ ద హార్ట్ ఆఫ్ టెక్సస్’ను నిషేధించారు, ఎందుకంటే కార్మికులు పనిముట్లు వదిలేసి, లేదా వాటితోనే, దరువు వేసేవాళ్ళు. ఎరిక్ కోట్స్ రాసిన ‘కాలింగ్ ఆల్ వర్కర్స్’ సిగ్నేచర్ ట్యూన్.

సోఫాలో కూర్చుని వింటే ఈ సంగీతం చప్పగా ఉంటుంది. చాలామంది విమర్శకులు అదే రాశారు. అందుకే గదిలో పని పెట్టాను: బఠాణీ కాయలు ఒలవడం, ఊలు ఉండలు చుట్టడం, ఉత్తరాలు మడిచి కవర్లలో పెట్టడం. కొద్ది నిమిషాల్లో తేడా కనపడింది. ఎవరూ సంగీతం వింటున్నట్టు లేరు, కానీ చేతులు దాని వెంటే నడుస్తున్నాయి. లెస్టర్‌లో మేజోళ్ళు అల్లే ఫ్యాక్టరీలో పదిహేనో ఏట చేరిన ఒకావిడ ఉన్నారు. పైకప్పుకి వేలాడే స్పీకర్లు, వాటి కింద వరసగా యంత్రాలు, ఆ అరగంటలో ఎవరూ గడియారం వైపు చూసేవాళ్ళు కాదు అని చెప్పారు. చెబుతూ ఆవిడ చేతులు ఆపలేదు. నేను ఈ ప్రాజెక్టు మొదలుపెట్టిన కారణం అక్కడే రుజువైంది. ఆ సంగీతాన్ని కూర్చుని వినడానికి చేయలేదు.

11కి మిసెస్ డేల్, ముందురోజు సాయంత్రం ఎపిసోడ్ మళ్ళీ వచ్చే వేళ. డాక్టరు భార్య తన డైరీలోంచి చెప్పే నగర శివారు జీవితం. భర్త జిమ్ గురించి ఎప్పుడూ బెంగపడే ఆమె మాట దేశమంతా సామెతలా వాడుకుంది. పావుగంట జ్ఞాపకాలకు సరిపోలేదు, 11:45కి ఆర్చర్స్ మొదలవుతుంటే ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. రాస్ప్‌బెర్రీ పై మాత్రం ఎవరికోసమూ ఆగదు.

ఆర్చర్స్ గురించి ఈ దేశంలో పుట్టి పెరిగినవాళ్ళలోనూ చాలామందికి తెలియని సంగతి: అది వినోదం ముసుగులో వ్యవసాయ పాఠం. దేశంలో తిండికి ఇంకా రేషనే. తక్కువ నేలలో ఎక్కువ పండించడం రైతులకు చెప్పాలి. 1948లో బర్మింగ్‌హామ్‌లో జరిగిన ఒక సమావేశంలో లింకన్‌షైర్ రైతు ఒకాయన, మాకూ ఒక డిక్ బార్టన్ లాంటిది కావాలన్నాడు. నిర్మాత గాడ్‌ఫ్రీ బేస్‌లీ ఆ మాట పట్టుకున్నాడు. బార్టన్ కథలు రాసిన ఎడ్వర్డ్ మేసన్, జెఫ్రీ వెబ్ ఇద్దరినే దీనికీ తీసుకున్నాడు. ఎరువులూ, పశువుల జబ్బులూ చెబుతూనే రేపు ఏమవుతుందోనన్న టెన్షన్‌తో ఎపిసోడ్ ముగించడం అందుకే వాళ్ళకు అంత బాగా వచ్చింది. ఆ సీరియల్ ఇప్పటికీ వస్తోంది.

మధ్యాహ్న భోజనానికి స్టేషన్ మార్చాను. ఫ్యాక్టరీ క్యాంటీన్ల నుంచి వచ్చే వర్కర్స్ ప్లేటైమ్ అప్పట్లో బీబీసీ ఇంకో స్టేషన్ హోమ్ సర్వీస్‌లో వచ్చేది. అందుకని నిజంగానే లేచి డయల్ ముల్లును తిప్పాను. దానికి తగ్గట్టు రాస్ప్‌బెర్రీ పై లోపల ఫైలు మార్చేందుకు బల్ల కింద ఒక బటన్ పెట్టాను.

1:45. లిజన్ విత్ మదర్. 1950 జనవరి 16న మొదలైంది, ఐదేళ్ళలోపు పిల్లల కోసం పావుగంట. ‘హాయిగా కూర్చున్నారా? అయితే మొదలుపెడతాను’ అనే అర్థం వచ్చే మాటతో కథ మొదలవుతుంది. తర్వాత ఫోరే రాసిన పియానో లాలిపాట. సరిగ్గా 2 గంటలకు విమెన్స్ అవర్. ఈ రెంటినీ పక్కపక్కనే పెట్టి వింటే వరుస తెలుస్తుంది. తల్లి పిల్లను ఒళ్ళో పెట్టుకుని కథ వింటుంది, ఆ పిల్ల నిద్రపోతుంది, తల్లికి తనదంటూ ఒక గంట దొరుకుతుంది. 1946 అక్టోబర్ 7న మొదలైన విమెన్స్ అవర్ ఇప్పటికీ ఉంది. మొదట దాన్ని నడిపింది అలన్ ఐవిమీ అనే మగవాడు! ఆడవాళ్ళ గంటకు మగ గొంతు ఎందుకని శ్రోతలు అప్పుడే అడిగారు. గదిలో ఆడవాళ్ళు ఆ మాటకు గట్టిగా తలలూపారు.

సాయంత్రం వరకు రాయాల్సింది పెద్దగా లేదు. నాలుగింటికి మళ్ళీ డేల్ హార్ప్, టీ.

6:45. చార్లెస్ విలియమ్స్ ‘డెవిల్స్ గాలప్’ గుర్రాలు పరిగెత్తినట్టు దూసుకొచ్చింది. అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్న ఇద్దరు ముసలాయనలు నిటారుగా కూర్చున్నారు. 1951లో వాళ్ళకు పదేళ్ళు, పదకొండేళ్ళు. ఈ ట్యూన్ వినపడగానే వీధిలో ఆట వదిలేసి పరిగెత్తేవాళ్ళమని, స్నానం, హోంవర్కు పూర్తి కాకపోతే సెట్ ఆన్ చేయనిచ్చేవాళ్ళు కాదని చెప్పారు. పిల్లలు ఇంతగా వింటున్నారని బీబీసీ బార్టన్‌కు ప్రవర్తనా నియమావళి రాసింది. చట్టం ప్రకారం నేరమయ్యే పని చేయకూడదు, తాగకూడదు. ఎపిసోడ్ మంచి ఉత్కంఠలో ఆగిపోయింది. తర్వాతిది వేయమన్నారు. వేయలేదు. రేపు 6:45కి అన్నాను, నవ్వారు, కానీ కాసేపు అందరూ అదే మాట్లాడుకున్నారు. ఒకేసారి విని ఒకేచోట ఆగిపోవడంలోనే ఆ ముచ్చట పుడుతుంది.

7కి వార్తలు, తర్వాత హ్యావ్ ఎ గో. హాలిఫాక్స్‌లో పుట్టిన విల్ఫ్రెడ్ పికిల్స్ ఊరూరూ తిరిగి, మామూలు మనుషులను వేదిక మీదికి పిలిచి, వాళ్ళ యాసలోనే మాట్లాడించాడు. యుద్ధకాలంలో జాతీయ వార్తలను ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ యాసతో చదివినవాడు ఆయనే. సామాన్యుడి గొంతుకు మర్యాద ఇచ్చిన కార్యక్రమం ఇదేనని నా అభిప్రాయం. ఆ తర్వాత టేక్ ఇట్ ఫ్రమ్ హియర్ అనే హాస్య కార్యక్రమం. ఫ్రాంక్ మ్యూర్, డెనిస్ నార్డెన్ రాసినది. జిమ్మీ ఎడ్వర్డ్స్, డిక్ బెంట్లీ, జాయ్ నికల్స్ గొంతులు. బీబీసీ 1940ల చివర్లో హాస్య రచయితల కోసం ‘గ్రీన్ బుక్’ అనే నియమాల పుస్తకం తెచ్చింది. మరుగుదొడ్ల మీద, హనీమూన్ జంటల మీద, ఆడవాళ్ళ లోదుస్తుల మీద, ఇంకా చాలావాటి మీద జోకులు వద్దని అందులో ఉంది. అడ్డదారులు మూసేసరికి ఈ ఇద్దరూ మాటల మీద పని చేశారు. శ్లేషలు ఒకదాని మీద ఒకటి ఎంత వేగంగా పడతాయంటే, గదిలో నవ్వు రెండో జోకును మింగేసింది. ఆ రోజుల్లో స్టూడియో ప్రేక్షకుల నవ్వుకు తగ్గట్టు నటులు ఆగేవాళ్ళు. రికార్డింగ్ మా నవ్వుకు ఆగదు.

11కి, నిద్రకు ముందు పుస్తకం చదివి వినిపించే ఎ బుక్ ఎట్ బెడ్‌టైమ్ వేళకు అందరూ గదులకు వెళ్ళిపోయారు. టీచరమ్మ, నేను మాత్రమే ఉన్నాం. సెట్ వెనక చెయ్యి పెట్టి చూశాను, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ గోరువెచ్చగానే ఉంది, కాలిపోయేంత వేడి లేదు.

అక్టోబర్, మరుసటి వారం

ఒకే ఫిర్యాదు వచ్చింది: వారపు రోజు సరే, ఆదివారం సంగతేమిటి? న్యాయమైన మాట. ఆనాటి ఆదివారం మధ్యాహ్నం అంటే ఫ్యామిలీ ఫేవరెట్స్. జర్మనీలో ఉన్న బ్రిటిష్ సైనికులకు, ఇక్కడి కుటుంబాలకు మధ్య పాటల రాయబారం. లండన్‌లో జీన్ మెట్‌కాఫ్, హాంబర్గ్‌లో క్లిఫ్ మిచెల్‌మోర్. వైరు మీదే పరిచయమై, 1950లో పెళ్ళి చేసుకున్నారు. తర్వాత బిల్లీ కాటన్ బ్యాండ్ షో, ‘వేకీ వేకీ!’ అన్న కేకతో. మాంసం రేషన్ 1954 జూలై దాకా పోలేదు. కాబట్టి ఆ పాటలు వింటూ ఓవెన్లో కాల్చుకున్న ముక్క చిన్నదే.

రెండు ఊళ్ళ సంభాషణను మళ్ళీ కట్టాలంటే రెండు మైకులు రెండు గదుల్లో ఉండాలి. టీచరమ్మ లండన్, హాంబర్గ్‌కి పక్క ఫ్లాట్ నుంచి ఒక పెద్దాయన సిద్ధం. కారిడార్ దాటి లాగడానికి పొడవాటి మైకు కేబుల్ కొనాలి. పాటల కోసం కొత్త కార్డులు ఈ రాత్రే ప్రింట్ చేస్తున్నాను.